పాత అచ్చుతో కొత్తగా కొట్టిన అశ్విక దళ బ్యాడ్జి అసలైనదేనా?

రాగిరేకు:
బ్రిటిష్ అశ్విక రెజిమెంట్ల టోపీ బ్యాడ్జీలు సేకరించే మన మధ్య ఒక తగవు ఎప్పటికీ తెగడం లేదు. పోత పోసిన నకళ్ల మీద ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు. గొడవంతా రీస్ట్రైకుల మీదే. రెజిమెంట్లకు సరఫరా చేసిన కంపెనీల పాత అచ్చులు చేతులు మారి, ఎన్నో ఏళ్ల తర్వాత సేకర్తలకు అమ్మడం కోసం వాటితోనే మళ్లీ కొట్టిన బ్యాడ్జీలు అవి. నా దృష్టిలో అవి కూడా నకళ్లే.

17వ లాన్సర్ల (ఈటెలు పట్టే అశ్విక రెజిమెంటు) బ్యాడ్జిని చూడండి. 1759లో కెనడాలోని క్విబెక్ దగ్గర బ్రిటిష్ జనరల్ వుల్ఫ్ మరణించాక, ఆయన స్మృతికి గుర్తుగా జాన్ హేల్ అనే అధికారి తన కొత్త రెజిమెంటుకు పుర్రె, ఎముకలు, వాటి కింద ‘ఆర్ గ్లోరీ’ అన్న పట్టీ ఎంచుకున్నాడు (పుర్రెతో కలిపి చదివితే ‘మరణం లేదా కీర్తి’). 1922లో ఆ రెజిమెంటు 21వ లాన్సర్లతో కలిసిపోయింది. అయినా 1993 దాకా అదే పుర్రె, అదే పట్టీ కొనసాగాయి. అంటే బొమ్మను చూసి కాలం చెప్పలేం. ఇలాంటి బ్యాడ్జికి అచ్చు పాతదైతే చాలు, వస్తువు అసలైనదే అంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడి టోపీ మీద ఉన్నదానికీ, అరవై ఏళ్ల తర్వాత దుకాణం కోసం కొట్టినదానికీ మనమే తేడా చెరిపేసినట్లు అవుతుంది.

ఈటె17:
రాగిరేకు గారూ, మీ ఆవేదన అర్థమైంది కానీ తీర్పు మరీ కఠినంగా ఉంది. ఉక్కు అచ్చు అదే, చెక్కిన గీతలు అవే, లోహం కూడా దాదాపు అదే. ఆస్ట్రియా పాలకురాలు మరియా థెరీసా పేరిట ఉన్న వెండి నాణెం మీద 1780 అని ఉంటుంది. ఆమె మరణించాక కూడా అదే సంవత్సరంతో తరతరాలుగా ముద్రిస్తూ వచ్చారు. దాన్ని దొంగ నాణెం అని ఎవరూ అనరు కదా?

ఇంకో సంగతి. ప్రభుత్వం ఇచ్చినదే అసలైనది అనుకుంటే అధికారుల బ్యాడ్జీల మాటేమిటి? వారు సొంత డబ్బుతో దర్జీల దగ్గర, బ్యాడ్జీల కంపెనీల దగ్గర కొనుక్కునేవారు. వాటిని ఏ లెక్కలో వేస్తారు?

తెల్లగుర్రం:
నాణెం పోలిక నిలవదు. ఆ వెండి నాణేన్ని చెల్లుబాటు కోసమే ముద్రించారు, ఎర్ర సముద్రం చుట్టుపక్కల దేశాల్లో జనం దానితో సరుకులు కొన్నారు. రీస్ట్రైకును ఏ రౌతూ ఏనాడూ పెట్టుకోలేదు. అధికారి కొనుక్కున్న బ్యాడ్జి సంగతీ అంతే: డబ్బు ఎవరిదైనా, అది చేరింది టోపీ మీదికే.

కంటోన్మెంట్ వాసి:
వాదన గాలిలో సాగుతోంది. వస్తువును చేతిలోకి తీసుకుని మాట్లాడుకుందాం. అచ్చు ఒక్కటే బ్యాడ్జి కాదు.

ముందుగా రేకు మీద బొమ్మ కొట్టాలి. తర్వాత బొమ్మలోని ఖాళీలను వేరే కోత పనిముట్టుతో తొలగించాలి. అంచు కోయాలి. వెనుక స్లైడరో (టోపీలోకి దూర్చే నిలువు లోహపు పట్టీ), లూపులో (చిన్న తీగ కొక్కేలు) టంకంతో అతకాలి. ఆఖరున మెరుగు పెట్టాలి. పాత అచ్చు కొన్నవారికి ఆ కోత పనిముట్టు చాలాసార్లు దొరకదు. అందుకే ఎన్నో రీస్ట్రైకుల్లో అసలు బ్యాడ్జికి ఖాళీ ఉండాల్సిన చోట రేకు నిండుగా ఉంటుంది, లేదా ఖాళీల అంచులు గరుకుగా, రంపంతో కోసినట్లు ఉంటాయి. నేను బ్యాడ్జి కొనేటప్పుడు మొదట చూసేది ఈ ఖాళీలనే.

రెండోది తుప్పు. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఉక్కు అచ్చుకు తుప్పు పట్టి సన్నని గుంటలు పడతాయి. దానితో కొడితే ఆ గుంటలు బ్యాడ్జి మీద చిన్న చిన్న బొడిపెలుగా పైకి లేస్తాయి. పోత నకళ్లలో ఇందుకు విరుద్ధం: బుడగల వల్ల లోపలికి గుంటలు పడతాయి. పైగా కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి పోత నకలు కొలతలో అసలు కంటే కాస్త చిన్నది. వెర్నియర్ కాలిపర్ దగ్గర ఉంటే ఇది తేలిగ్గా బయటపడుతుంది.

మూడోది వెనుక భాగం. అచ్చు కొట్టిన బ్యాడ్జికి ముందు ఎత్తుగా ఉన్నచోట వెనుక గుంట స్పష్టంగా కనిపించాలి. వెనుక చదునుగా, ఇసుక చల్లినట్లు ఉంటే పోతే అనుకోవచ్చు. స్లైడర్లు 20వ శతాబ్దం తొలి ఏళ్లలో వాడుకలోకి వచ్చాయి. అంతకు ముందు లూపులే. అందువల్ల విక్టోరియా కాలపు కిరీటం ఉన్న బ్యాడ్జికి స్లైడర్ కనిపిస్తే ఆగి ఆలోచించాలి. ఆ కిరీటాన్ని 1901లో రాణి మరణించాక మార్చారు. పాత బ్యాడ్జికి తర్వాత ఎవరైనా స్లైడర్ అతికించి ఉండే అవకాశం లేకపోలేదు, కానీ అప్పుడు పాత లూపులు ఊడిన టంకం మచ్చలు ఉండాలి.

ఇక అరుగుదల. సైనికుడు రోజూ మెరుగు పెట్టేది ముందు వైపే. ఎత్తైన చోట్లు నునుపెక్కుతాయి, మూలల్లో మెరుగు మైనం గట్టిపడుతుంది, వెనుక కిలుము నెమ్మదిగా పేరుకుంటుంది. ముందూ వెనుకా ఒకే రకంగా నల్లబడిందంటే అది ఆమ్లంలో ముంచి పాతదనం తెప్పించిన సరుకేమోనని అనుమానించాలి.

తెల్లగుర్రం:
కంపెనీ ముద్రను కూడా గుడ్డిగా నమ్మకండి. స్లైడర్ మీద బ్యాడ్జీల కంపెనీ గాంట్ పేరు ఉన్నంత మాత్రాన నిశ్చింత పడలేం, ఆ ముద్ర వేయడం బ్యాడ్జి కొట్టడం కంటే తేలిక. కథల సంగతీ అంతే. 1854లో క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర లైట్ బ్రిగేడ్ అనే బ్రిటిష్ అశ్విక దళంతో పాటు దూసుకెళ్లిన రౌతుది అంటూ స్లైడర్ ఉన్న పుర్రె బ్యాడ్జిని అమ్మజూపుతున్నారు. ఇలాంటి చిన్న టోపీ బ్యాడ్జీలు వచ్చిందే ఆ శతాబ్దం చివరి దశకంలో! తిరుమలగిరి పాత బ్యారక్స్ దగ్గర దొరికిందన్న మాట కూడా అంతే. సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైన్యం ఉండటం నిజమే, అయితే దొరికిన చోటు లోహాన్ని మార్చదు.

రాగిరేకు:
ఒక జాగ్రత్త. నకళ్ల భయంతో మంచి వస్తువును పారేసుకోకండి. 1916లో నికెల్ ఆదా చేయడానికి, మామూలుగా రెండు లోహాలతో చేసే కొన్ని బ్యాడ్జీలను పూర్తిగా ఇత్తడితో కొట్టారు. చూడగానే లోహం తప్పు అనిపిస్తుంది, కానీ అవి నిఖార్సైన యుద్ధకాలపు బ్యాడ్జీలు. నకలు చేసేవారికి ఒకే లోహంతో పని సులువు కాబట్టి వారూ ఈ పేరే చెబుతారు. అక్కడ కంటోన్మెంట్ వాసి గారు చెప్పిన వెనుక పరీక్షే దిక్కు.

ఈటె17:
కోత పనిముట్టు గురించి చెప్పింది బలమైన మాట, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక ప్రశ్న మిగిలింది. 14వ హుస్సార్ల (ఇదీ బ్రిటిష్ అశ్విక రెజిమెంటే) బ్యాడ్జి మీది ప్రష్యా గద్దనే తీసుకోండి; ప్రష్యా అంటే జర్మనీలోని రాజ్యం. జర్మనీతో యుద్ధం రావడంతో 1915లో దాన్ని తీసేశారు. 20వ హుస్సార్లతో కలిసి ఏర్పడిన 14/20 హుస్సార్లు 1931లో దాన్ని తిరిగి పొందారు. ఒక కంపెనీ తన దగ్గర దాచిన పాత గద్ద అచ్చుతోనే 1931లో బ్యాడ్జీలు కొట్టిందని ఊహించండి. దాన్ని మీరు నకలు అంటారా? అనలేరు. మరి పాత అచ్చుతో మళ్లీ కొట్టడమే దోషం అని ఎలా అంటున్నారు?

రాగిరేకు:
దోషం అది కాదు. 1931 బ్యాడ్జి నా లెక్కలో అసలైనదే. రెజిమెంటు అడిగింది, కంపెనీ కొట్టింది, సైనికుడు పెట్టుకున్నాడు. ఎవరి కోసం చేశారన్నదే నా గీటురాయి. అచ్చు వయసు కాదు, లోహం వయసూ కాదు. అదే గద్దను 1917 నాటి కందకాల్లో దొరికిందని అమ్మితే మాత్రం నేను కొనను. అప్పటికి ఆ రెజిమెంటు టోపీ మీద గద్ద లేదు.

ఈటె17:
ఈ గీటురాయి నాకు సమ్మతమే. కానీ దాన్నిబట్టి రీస్ట్రైకును పోత నకలుతో ఒకే గాటన కట్టలేం. ఆ రోజు రెజిమెంటు కోసం చెక్కిన గీతలు దాని మీద ఉన్నాయి. అసలు బ్యాడ్జి అందుబాటులో లేని వారికి ఆ చెక్కుడు పని ఎలా ఉండేదో అది చూపిస్తుంది. నా పెట్టెలో దానికి వేరే అర ఉంటుంది, పక్కన చీటీ మీద రీస్ట్రైక్ అని రాసి ఉంటుంది. అమ్మినా ఆ చీటీతోనే అమ్ముతాను.

తెల్లగుర్రం:
మీరు చీటీతోనే అమ్ముతారు. మీ దగ్గర కొన్నవారు? రెండు చేతులు మారేసరికి చీటీ పోతుంది, ధర పెరుగుతుంది. అందుకే చీటీ కాకుండా వెనుక భాగంలో చెరగని గుర్తు ఉండాలని నేను పట్టుబడతాను.

ఈటె17:
వస్తువు మీద గీత గీయడానికి నాకు చేయి రాదు. దానికి మాత్రం ఒప్పుకోను.

కంటోన్మెంట్ వాసి:
గుర్తు విషయం తర్వాత తేల్చుకుందాం. ఈటె17 గారూ, మీ దగ్గర ఉన్న పుర్రె రీస్ట్రైక్ వెనుక వైపు ఫోటో ఒకటి పెట్టండి. పక్కవాటు వెలుతురులో, స్కేలు పెట్టి తీయండి. కళ్ల రంధ్రాల దగ్గర కోత అంచులు, స్లైడర్ టంకం స్పష్టంగా కనిపించాలి. నా దగ్గరున్న పాతదాని ఫోటో అదే కోణంలో తీసి పక్కన పెడతాను.