నాన్న రోజూ సాయంత్రం గ్లాసు మీద చెంచాతో కొడుతున్నారు, ఏం చెయ్యాలి?

మల్కాజిగిరి వాసి:
మా నాన్నకి 84. నాలుగేళ్ల కిందట డిమెన్షియా అని తేల్చారు. రైల్వేలో ఏఎస్ఎంగా, అంటే అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా చేరి 2001లో స్టేషన్ మాస్టరుగా రిటైరయ్యారు. సర్వీసులో సగం గుంటూరు–గుంతకల్లు మీటర్ గేజి మీదే, అందులోనూ నల్లమల అడవిలో, దిగువమెట్ట వైపు.

పాత సంగతులు మాట్లాడిస్తే మనసు కుదుటపడుతుందని డాక్టరు అన్నారు. సరేనని ఆదివారం ఆల్బం ముందేసుకుని కూర్చున్నాను. 'ఈయనెవరో గుర్తుందా నాన్నా? ఇది ఏ ఊరి క్వార్టర్సో గుర్తుందా?' మూడో ఫొటోకే ఆల్బం మూసేసి, 'నన్ను పరీక్ష చెయ్యడానికి నువ్వెవరయ్యా?' అన్నారు. ఆయన నన్ను 'అయ్యా' అనడం అదే మొదలు.

ఇక రెండోది. సాయంత్రం ఆరు దాటాక పాలు తాగిన గ్లాసు మీద చెంచాతో టంగ్, టంగ్ అని కొడతారు. ఆగుతారు. తల పక్కకి వంచి వింటారు. మళ్లీ టంగ్, టంగ్. ఇలా గంట, గంటన్నర. మా చిన్నాడికి పదో తరగతి, పుస్తకం విసిరేసి లేచిపోతున్నాడు. గ్లాసు తీసేస్తే టేబుల్ మీద కొడతారు. మొన్న కసిరాను. అంతే, చెంచా చేత్తో పట్టుకుని రాత్రి పదింటిదాకా కుర్చీలోంచి లేవలేదు, అన్నం ముట్టలేదు. ఎవరింట్లోనైనా ఇలా జరిగిందా?

తెనాలి అమ్మాయి:
ముందు ఆ 'గుర్తుందా' మానెయ్యండి. నేనూ రెండేళ్లు అదే చేశాను. గుర్తులేనివాళ్లని గుర్తుందా అని అడగడమంటే నలుగురిలో పేదరికం బయటపెట్టడమేనండీ.

ఇప్పుడు మా అమ్మ దగ్గర నేను కావాలని తప్పు చెబుతాను. 'అమ్మా, ఆవపిండి గిద్దెడు, ఉప్పు రెండు గిద్దెలు కదా?' అంటే చాలు, 'నీ మొహం, అంత ఉప్పు పోస్తే ఎవడు తింటాడే' అని మొదలుపెడుతుంది. అక్కణ్ణించి జాడీలు, వాసెన గుడ్డ, మేనత్త గారి మడి, అన్నీ వస్తాయి. నా పేరు మాత్రం రాదు. పోన్లెండి.

ఒక్కోసారి 'అక్క రాలేదేం?' అంటుంది. మా పెద్దమ్మ పోయి పదకొండేళ్లయింది. నిజం చెప్పాలి కదా అని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ అప్పుడే కబురు తెలిసినట్టు ఏడ్చింది. ఇప్పుడు 'పెద్దమ్మ చేతి పులుసు ఎలా ఉండేదమ్మా?' అని మాట మళ్లిస్తాను. అబద్ధం చెప్పినట్టు కాదు, ఏడిపించినట్టూ కాదు.

కరీంనగర్ నర్సు:
ఇరవై ఏండ్ల సంది వార్డుల చేస్తున్న. ఈ బీమారిల కొత్తగ జరిగినయి ముందుగాల పోతయి, పాతయి ఆఖరు దాకా ఉంటయి. పది నుంచి ముప్పై ఏండ్ల వయసుల ముచ్చట్లు ఇంకింత గట్టిగ ఉంటయి. చేతికి పడ్డ అలవాటయితే మరీను. మా వార్డుల ఒక బీడీలు చుట్టిన అవ్వ ఉండె, బిడ్డ పేరు మరిచింది గని వేళ్లు ఆగకపోయేటియి. దుప్పటి అంచు పట్టుకొని చుట్టుకుంటనే ఉండేది. గందుకే చెంచా గుంజుకోకుండ్రి. పొద్దు గూకకముందే ఇంట్ల లైట్లు వేసి పెట్టుండ్రి, జర నిమ్మళంగ ఉంటరు.

ఒక్క మాట. రెండు మూడు దినాలల్ల ఒక్కసారే ఎక్కువయిందనుకో, మతిమరుపే గదా అని ఊకోవద్దు. మూత్రంల ఇన్ఫెక్షన్ ఉన్నా గట్లనే అయితది, డాక్టరుకు చూపెట్టుండ్రి. పెద్దోళ్ల సంగతులకు సర్కారు ఫోన్ నంబరు 14567 ఉన్నది, పైసలు పడయి.

రిటైర్డ్ ఎస్ఎం, డోన్:
బాబూ, రెండు దెబ్బలేనా? మూడు కాదు, నాలుగు కాదు, కచ్చితంగా రెండేనా? కొట్టి ఆగి వింటారు అన్నావు చూడు, అక్కడ నేను ఫోను పక్కన పెట్టేశాను.

సింగిల్ లైను మీద రెండు స్టేషన్ల మధ్య ఒకసారి ఒక్క బండే ఉండాలి. అందుకని ఆ రోజుల్లో ఇద్దరు మాస్టర్ల దగ్గరా బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్లనే మిషన్లు, వాటికి గంటలు. ఒక దెబ్బ కొడితే 'ఫోన్లోకి రా' అని. రెండు కొడితే 'లైన్ క్లియరేనా?' అని. మూడు కొడితే బండి బయల్దేరింది. నాలుగు కొడితే బండి పూర్తిగా వచ్చి చేరింది, సెక్షన్ ఖాళీ. అవతలివాడు ఎన్ని కొడితే మనమూ అన్ని తిరిగి కొట్టాలి. అప్పుడుగానీ మిషన్లోంచి టోకెన్ గుండు ఊడిపడదు. దాన్ని తోలు సంచిలో వేసి, బెత్తం చుట్టకి తగిలించి డ్రైవరుకి అందించాలి. ఆ గుండు చేతికి రాకుండా డ్రైవరు బండి తియ్యడు.

మీ నాన్న అడుగుతున్నారు. పక్క స్టేషను పలకడం లేదు. పలికేదాకా ఏ మాస్టరైనా కుర్చీ వదిలి అన్నానికి లేస్తాడా?

మల్కాజిగిరి వాసి:
మాస్టారూ, ఇది చదివి చాలాసేపు ఏం రాయలేకపోయాను. పుట్టినప్పటి నుంచి ఆ గంటల మధ్యే పెరిగాను. ఒక్కటీ తెలీదు.

నిన్న సాయంత్రం ఆయన రెండు కొట్టగానే వంటింట్లోంచి స్టీలు మూత మీద నేనూ రెండు కొట్టాను. చెంచా ఆగింది. 'గాజులపల్లా?' అన్నారు. 'ఆఁ, గాజులపల్లే' అన్నాను. 'గూడ్సుంది. లైన్ క్లియర్ ఇస్తావా?' ఇచ్చానన్నాను. 'ఇంతసేపేం చేస్తున్నావు, నిద్రపోయావా?' అని తిట్టారు. మూడు కొట్టారు. నేనూ మూడు కొట్టాను. తర్వాత అరగంట మాట్లాడారు.

చిరుతపులి ప్లాట్‌ఫారం మీదికి వచ్చిన రాత్రి సంగతి చెప్పారు. చిన్నప్పటి నుంచి విన్నదే. పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ దీపం పారేసి ఆఫీసులోకి పరిగెత్తుకొచ్చి తలుపేసుకున్నాడని చెప్పేవారు, అందరం నవ్వేవాళ్లం. నిన్న మాత్రం తలుపేసుకున్నది తనేనన్నారు. అతను బయటే ఉండిపోయాడట. తెల్లారేదాకా నీళ్ల ట్యాంకు మీద కూర్చున్నాడట. ఏది నిజమో అడగలేదు.

ఒక్కటి చెప్పండి మాస్టారూ. బండి చేరినట్టు నాలుగు దెబ్బలు నేనే కొట్టాలి కదా? ఎంతసేపటికి కొట్టాలి?

రిటైర్డ్ ఎస్ఎం, డోన్:
అది కొండల్లో ఘాట్ సెక్షను, గూడ్సు నెమ్మదిగానే వస్తుంది. ఆయన అన్నం తిన్నాక కొట్టు.