"చెప్పలేదు": లైవ్ క్యాప్షన్‌లో ఎక్కడ విరగాలి?

అరసున్న: "పన్నులు పెంచుతామని మంత్రి చెప్పలేదు." లైవ్ బులెటిన్‌లో మాట వింటూ తెర మీద వేసే క్యాప్షన్‌గా ఇది రెండు లైన్లుగా వెళ్తుంది. పై లైన్ పడ్డాక మూడు నాలుగు సెకన్లకు గానీ "చెప్పలేదు" రాదు. ఈలోగా చూసేవారి నెత్తిన పన్ను పడినట్టే! క్రియ వినబడేదాకా లైన్ ఆపాలా?

గుడిదీర్ఘం: ఆపక్కర్లేదండీ. ఆపితే ఆలస్యం పక్క వాక్యం మీద పడుతుంది. "పెంచుతామని" కలిపి రాస్తే చాలు, ఆ "ని" చూడగానే మాట ఇంకా ఉందని తెలుస్తుంది. "పెంచుతాం" అని ఒక లైన్, "అని మంత్రి చెప్పలేదు" అని ఇంకోటి పంపారా, కొంప మునుగుతుంది. మొదటిది నిండు వాక్యమై కూర్చుంటుంది.

ఇంకో చిక్కు: గొంతు విని రాసే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి "చెప్ప లేదు" అని విడగొడుతుంది. చోటు చాలకపోతే "లేదు" కింది లైన్‌కి జారుతుంది. అలాగని "లేదు" ముందు ఖాళీలన్నీ తీసేసే రూల్ పెట్టకండి, "ఇంట్లో లేదు" కూడా అతుక్కుపోతుంది. చెప్పలేదు, రాలేదు, ఇవ్వలేదు లాంటివి ఒక్కొక్కటే పదకోశంలో ఎక్కించాలి.

వట్రుసుడి: లైన్ కన్నా అక్షరం ప్రమాదం. "అతను చెప్పలేదు" అంటే నోరు విప్పలేదని. "అతను చెప్పలేడు" అంటే చేతకాదని. దకీ డకీ తేడా రెండో చూపుకి గానీ దొరకదు. లైవ్ క్యాప్షన్లు ఎంత కచ్చితమో కొలిచే ఎన్ఈఆర్ పద్ధతిలో చిన్న తప్పుకి 0.25, మధ్యస్థానికి 0.5, తీవ్రమైనదానికి 1 తీసేస్తారు. ఇది నిండు 1. తప్పని అనుమానం కూడా రాకుండా అబద్ధం చెబుతుంది కాబట్టి. "చెప్పలెదు" అని పడితే 0.25తో పోతుంది, ఎవరైనా సర్దుకుని చదువుతారు.

ఆ లెక్కలో కనీసం 98 శాతం రావాలి. 400 పదాలకు 8 పాయింట్లు పోవచ్చు. మనకి ఇక్కడే అన్యాయం. ఇంగ్లీషులో ఐదారు మాటలయ్యేది "చెప్పలేకపోయిందంటున్నారు" అని ఒక్క పదం. అదే వార్తకి పదాలు తగ్గుతాయి, తప్పులకిచ్చే వెసులుబాటూ తగ్గుతుంది. తెలుగుకి వేరే కొలత ఉండాలి.

అరసున్న: మరి "ఆమె నడవలేదు"? నడవకుండా ఊరుకుందనా, నడవడం చేతకాదనా?

గుడిదీర్ఘం: రెండూనూ. సందర్భమే దిక్కు. ఆస్పత్రి వార్తలో "నడవలేకపోతోంది" అని మార్చినా ఎన్ఈఆర్ తప్పు పట్టదు, అర్థం చెడని మార్పుని సరైన సవరణగానే రాసుకుంటుంది. కానీ అదాటున వచ్చే లైవ్‌లో అంత తీరిక ఎక్కడిది? న్యూస్‌రూమ్ స్క్రిప్టు ముందే అందిన భాగంలోనే కుదురుతుంది. రిపోర్టర్ లైన్లోకి వచ్చాడంటే విన్నది విన్నట్టు వదలడమే. తప్పు పడితే రెండు అడ్డగీతలు కొట్టి సరైన మాట ఇవ్వండి, "-- చెప్పలేదు" అని. వాక్యమంతా మళ్లీ కొట్టొద్దు.

వట్రుసుడి: లైన్ పొడవు కూడా సరిచూసుకోండి అరసున్న గారూ. "స్త్రీ" తెరమీద ఒక్క అక్షరం, వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కేసే సాఫ్ట్‌వేర్‌కి 6. అలా లెక్కపెట్టి విరిచే చోట సగం ఖాళీ ఉండగానే లైన్ తెగుతుంది, "చెప్పలేదు" కిందికి పడటానికి సగం కారణం అదే. వెడల్పుని బట్టి విరిచే సెట్టింగ్ ఉంటే అది పెట్టుకోండి.