కుస్కో: సూర్యాలయం మీద చర్చి ఇంకా ఉండాలా?

డల్లాస్_సుబ్బు: పెరూ వెళ్లొచ్చాం. కుస్కోలో, స్పానిష్ వాళ్లు రాకముందు అక్కడ ఏలిన ఇంకాల సూర్యాలయం కొరికాంచ గోడల మీదే స్పానిష్ వాళ్లు సాంటో డొమింగో చర్చి, కాన్వెంట్ (సన్యాసుల మఠం) కట్టారు. 1950 భూకంపంలో చర్చి బాగా దెబ్బతింది, ఇంకాల గోడలు నిలబడ్డాయి. అప్పుడే ఆ శిథిలాలు ఎత్తేసి గుడిని బయటపెట్టాల్సింది. మళ్లీ చర్చే కట్టుకున్నారు!

పెన్నాతీరం: ఆ భూకంపం తర్వాతే కదా లోపలి ఇంకాల గదులు జనానికి కనిపించింది? ఇప్పుడు రెండూ చూడొచ్చు. 1650లోనూ చర్చి కూలింది, మళ్లీ కట్టారు. కొత్త సంగతేం కాదు.

డల్లాస్_సుబ్బు: రెండుసార్లు కూలిందని మీరే ఒప్పుకున్నారు. సున్నం లేకుండా, లోపలికి వాల్చి పేర్చిన రాళ్లు మాత్రం కదల్లేదు.

చూసిపోయేవాడు: గోడ గట్టిదైతే ఆస్తి హక్కు వస్తుందా గురూ?

డల్లాస్_సుబ్బు: వెటకారం వద్దు. టికెట్ కొని వెళ్తే గైడ్ పెయింటింగుల దగ్గర అరగంట నిలబెట్టాడు, ఇంకాల గదుల్లో ఐదు నిమిషాలు. మా పిల్లలు ఏం చూశారు?

పెన్నాతీరం: గైడ్ మీద కోపంతో చర్చి కూల్చేస్తారా?

డల్లాస్_సుబ్బు: 1533లో, స్పానిష్ వాళ్లు బంధించిన ఇంకాల రాజు అతావాల్పా విడుదల కోసమని ఆ గోడల బంగారు రేకులు పీకి కరిగించారు. మీరు ఆ దొంగల్ని వెనకేసుకొస్తున్నారు.

పెన్నాతీరం: దొంగలనే నేనూ అంటాను. మిషన్ స్కూల్లో చదివినవాణ్ణి, 'మీది పరాయి మతం' అన్న మాట చిన్నప్పటినుంచీ వింటున్నా. అక్కడి ఆదివాసులు క్వెచువా వాళ్లు జూన్ 24న కొరికాంచ దగ్గరే ఇంతి రైమి అనే సూర్యుడి పండుగ మొదలుపెడతారు. క్యాథలిక్ పండుగ కోర్పస్ క్రిస్టికి పునీతుల విగ్రహాలనూ వాళ్లే మోస్తారు. వాళ్లలో ఎవరు అసలు, ఎవరు పరాయి? డల్లాస్ నుంచి మీరు తేలుస్తారా?

డల్లాస్_సుబ్బు: అదన్నమాట. మీకు చర్చి మీద ప్రేమ, నాకు గుడి మీద.

పెన్నాతీరం: కాదు. ఏది ఉంచాలో చెప్పే హక్కు అక్కడ ఉండేవాళ్లదంటున్నా.

డల్లాస్_సుబ్బు: 1530ల్లో వాళ్లను అడిగి కట్టారా? బలవంతంగా మార్చి, దాదాపు ఐదు వందల ఏళ్ల తర్వాత 'వాళ్లకి ఇష్టమే' అంటే సరిపోతుందా?

చూసిపోయేవాడు: ఇది మంచి ప్రశ్న. పెన్నా గారూ?

పెన్నాతీరం: సరిపోదు. కానీ అడగాల్సింది ఇప్పుడున్న వాళ్లనే, వేరే ఎవరున్నారు? ఆ కాన్వెంట్ ఇప్పటికీ డొమినికన్లనే క్యాథలిక్ సన్యాసుల సంఘం చేతిలోనే ఉంది, ప్రవేశ రుసుమూ వాళ్లదే. నగరం టూరిస్ట్ టికెట్‌తో లోపలికి రానివ్వరు. గొడవ పడాలంటే దాని మీద పడండి, నేనూ వస్తా.

డల్లాస్_సుబ్బు: టికెట్ సంగతి నేనే ముందు చెప్పా.