జేడబ్ల్యూటీ టోకెన్ పంపినా లాగిన్ పేజీకే తోసేస్తోంది (డాట్‌నెట్ 8)

ప్రశ్న:
ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్ వెబ్ ఏపీఐ. ముందు యాడ్‌అథెంటికేషన్("బేరర్"), దానికే యాడ్‌జేడబ్ల్యూటీబేరర్, ఆ కింద యాడ్‌ఐడెంటిటీ రాశాను. లాగిన్ చేస్తే టోకెన్ (సర్వర్ సంతకం చేసి ఇచ్చే గుర్తింపు) వస్తోంది. ఆథరైజ్ పెట్టిన కంట్రోలర్‌కి ఆ టోకెన్ పంపితే మాత్రం 404 (పేజీ దొరకలేదు). లాగ్‌లో దానికి ముందు అకౌంట్/లాగిన్‌కి 302 (దారి మళ్లింపు) కనిపిస్తోంది. యాడ్‌ఐడెంటిటీని పైకి తెచ్చినా అంతే.

ఇంకోటి, యూజర్‌మేనేజర్‌ని (యూజర్ ఖాతాలు చూసే క్లాస్) తీసుకునే నా టోకెన్‌సర్వీస్‌ని సింగిల్టన్‌గా (యాప్ మొత్తానికి ఒకటే) రిజిస్టర్ చేస్తే నా మెషీన్‌లో స్కోప్ ఎర్రర్ వస్తోంది, సర్వర్‌లో రావట్లేదు. వదిలేయొచ్చా?

జవాబు 1:
వరస మార్చినంత మాత్రాన పోదండీ. యాడ్‌ఐడెంటిటీ డిఫాల్ట్‌అథెంటికేట్‌స్కీమ్ (యూజర్‌ని గుర్తించే పద్ధతి), డిఫాల్ట్‌చాలెంజ్‌స్కీమ్ (గుర్తించలేకపోతే ఏం చేయాలో చెప్పే పద్ధతి) రెండింటినీ కుకీకి కట్టేస్తుంది. మీరు "బేరర్" అని ఇచ్చింది డిఫాల్ట్‌స్కీమ్‌కి మాత్రమే. ఆ రెండూ ఖాళీగా ఉంటేనే దాన్ని చూస్తారు. అందుకే మీ టోకెన్‌ని ఎవరూ చదవట్లేదు. కుకీ లేదు కాబట్టి 302, ఏపీఐలో ఆ పేజీ లేదు కాబట్టి 404. యాడ్‌ఐడెంటిటీ తర్వాత యాడ్‌అథెంటికేషన్ లాంబ్డాలో ఆ రెండు స్కీములనూ విడివిడిగా "బేరర్" అని రాయండి.

జవాబు 2:
కుకీలే అక్కర్లేనప్పుడు ఆ తంటా ఎందుకు? యాడ్‌ఐడెంటిటీకోర్ వాడండి, అది స్కీములను ముట్టుకోదు. రోల్స్ కావాలంటే యాడ్‌రోల్స్, తర్వాత యాడ్‌ఎంటిటీఫ్రేమ్‌వర్క్‌స్టోర్స్, యాడ్‌సైన్‌ఇన్‌మేనేజర్ మీరే కలుపుకోవాలి. పాస్‌వర్డ్ రీసెట్ ఉంటే యాడ్‌డిఫాల్ట్‌టోకెన్‌ప్రొవైడర్స్ కూడా. లాగిన్‌లో పాస్‌వర్డ్‌సైన్‌ఇన్‌ఎసింక్ పిలవకండి, అది కుకీ రాయబోయి స్కీమ్ లేదని పడిపోతుంది. చెక్‌పాస్‌వర్డ్‌సైన్‌ఇన్‌ఎసింక్ చాలు, లాకవుట్‌ఆన్‌ఫెయిల్యూర్‌కి ట్రూ ఇస్తే లాకవుట్ (తప్పు పాస్‌వర్డ్‌లు ఎక్కువైతే ఖాతా మూసేయడం) లెక్క కూడా అదే చూసుకుంటుంది.

సింగిల్టన్ సంగతి అస్సలు వదలొద్దు. ఆ స్కోప్ తనిఖీ డిఫాల్ట్‌గా డెవలప్‌మెంట్‌లోనే ఆన్‌లో ఉంటుంది, సర్వర్ మౌనానికి కారణం అదే. అక్కడ ఒకే యూజర్‌మేనేజర్, దాని వెనక ఒకే డీబీకాంటెక్స్ట్ (డేటాబేస్‌తో మాట్లాడే క్లాస్) యాప్ ఆగేదాకా బతికుంటాయి. రెండు రిక్వెస్టులు ఒకేసారి తగిలితే "రెండో ఆపరేషన్ మొదలైంది" అనే ఎర్రర్, అదీ లోడ్ పెరిగినప్పుడే. యాడ్‌స్కోప్డ్‌కి (రిక్వెస్టుకొకటి) మార్చండి.

ప్రశ్న అడిగినవారు:
యాడ్‌ఐడెంటిటీకోర్‌కి మార్చాక 302 పోయింది. ఇప్పుడు 401 (గుర్తింపు చెల్లలేదు), "సిగ్నేచర్ కీ దొరకలేదు" అంటోంది. కీని కాన్ఫిగర్<జేడబ్ల్యూటీబేరర్‌ఆప్షన్స్>లో ఇచ్చాను.

జవాబు 1:
ఆ కాన్ఫిగర్‌కి పేరు ఇచ్చి ఉండరు. పేరు లేకపోతే అది ఖాళీ పేరున్న ఆప్షన్స్‌కే చేరుతుంది, హ్యాండ్లర్ మాత్రం "బేరర్" పేరుతో అడుగుతుంది. యాడ్‌ఆప్షన్స్<జేడబ్ల్యూటీబేరర్‌ఆప్షన్స్>("బేరర్") తర్వాత .కాన్ఫిగర్<ఐకాన్ఫిగరేషన్> రాయండి, సెట్టింగులు డీఐ (డిపెండెన్సీ ఇంజెక్షన్) నుంచే అందుతాయి. దీనికోసం బిల్డ్‌సర్వీస్‌ప్రొవైడర్ పిలిచేవాళ్లున్నారు, వద్దు: రెండో సర్వీస్ కంటెయినర్ పుట్టి సింగిల్టన్‌లు రెండేసి అవుతాయి.

హెచ్‌ఎస్256కి (టోకెన్ మీద సంతకం చేసే పద్ధతి) కీ కనీసం 32 బైట్లు ఉండాలి. ఎక్స్‌పైరీ పరీక్షించేటప్పుడు గడువు దాటిన టోకెన్ ఇంకా పనిచేస్తోందని కంగారు పడకండి, క్లాక్‌స్క్యూ (గడియారాల తేడాకి ఇచ్చే సడలింపు) డిఫాల్ట్‌గా 5 నిమిషాలు.