ఫాంటసీ చిన్న కథను పాతకాలపు పద్ధతి క్యాంపెయిన్‌గా మార్చేటప్పుడు ఏది తీసుకోవాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న (తార్నాక నుంచి)

మిత్రులందరికీ నమస్కారం. ప్రతి ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఐదుగురం కూర్చుని 1981 నాటి బేసిక్ నియమాలతో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేస్తూ, మాటలతో ఆడే సాహసాల ఆట) ఆడుతున్నాము. ఆట నడిపే బాధ్యత నాది. అచ్చు వేసి అమ్మే సాహసాలను పక్కన పెట్టి, ఫాంటసీ చిన్న కథల ఆధారంగానే క్యాంపెయిన్ (వారాల తరబడి కొనసాగే ఆట) కట్టుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక ఉంది. ఈ ఆట పుట్టిందే అలాంటి కథల నుంచి కదా. ఆట నడిపేవారి కోసం 1979లో వచ్చిన డంజియన్ మాస్టర్స్ గైడ్ చివర, ఈ ఆట రూపకర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ తనకు స్ఫూర్తినిచ్చిన రచయితల పేర్లను ‘అపెండిక్స్ ఎన్’ అనే అనుబంధంగా ఇచ్చారు. మంత్రగాడు మంత్రాన్ని కంఠస్థం చేసి, ప్రయోగించగానే మరచిపోయే నియమం కూడా ఫాంటసీ రచయిత జాక్ వాన్స్ కథల నుంచి తీసుకున్నదే.

ఆ ధైర్యంతో గత నెలలో రాబర్ట్ ఇ. హోవార్డ్ కథ ‘ది టవర్ ఆఫ్ ది ఎలిఫెంట్’ను ఆటగా మార్చాను. 1933 మార్చి నెల వీర్డ్ టేల్స్ పత్రికలో వచ్చిన ఆ కథలో, రత్నం కోసం చొరబడే దొంగకు గోడ, తోట, తోటలో సింహాలు, బురుజు, పెద్ద సాలీడు, చివరి గదిలో బందీగా ఉన్న ఏనుగు తల ప్రాణి ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. నేనూ అదే వరుస పాటించాను. ఆటగాళ్లు కాపలావాళ్లకు లంచం ఇచ్చి లోపలికి వెళ్లాలనుకుంటే, ఏదో ఒక సాకు చెప్పి మళ్లీ గోడ దగ్గరికే తీసుకువచ్చాను. చివరికి వారిలో ఒకరు, “మేము ఆడుతున్నామా, లేక మీరు చదివిన కథ వింటున్నామా?” అని అడిగారు. ఆ మాట నన్ను బాధపెట్టింది, కానీ అది న్యాయమైన మాట. ఏనుగు తల కనబడగానే ఇద్దరు చేతులు జోడించారు. అక్కడి నుంచి ఆట మరో దారి పట్టింది.

కథలోంచి అసలు ఏమి తీసుకోవాలి? మన కథలు, అంటే చందమామ ధారావాహికలు, కాశీమజిలీలు, కథాసరిత్సాగరం వంటివి ఇందుకు పనికివస్తాయా?

జవాబు 1 (మెహిదీపట్నం నుంచి)

మీ ఆట చెడింది కథ వల్ల కాదండీ, కథలోని వరుసను కాపాడాలని మీరు పట్టుబట్టడం వల్ల. కథకుడికి కథానాయకుడు తన చేతిలోనే ఉంటాడు కాబట్టి అతడు గోడ ఎక్కాలంటే ఎక్కుతాడు. మీ బల్ల చుట్టూ మాత్రం నలుగురు ఉన్నారు, వారి ముందు గోడతో పాటు తలుపు, సొరంగం, లంచం, వెనుదిరిగిపోవడం అన్నీ ఉన్నాయి. అందుచేత నేను ఏ కథనైనా మూడు ప్రశ్నలతో చదువుతాను. అందరూ కోరుకునే వస్తువు ఏది? దాన్ని కాపాడుతున్నది ఎవరు, ఎందుకు? ఆ చోట మామూలు లోకానికి భిన్నంగా పనిచేసే ఒక్క నియమం ఏది? ఈ మూడింటినీ తీసుకుని సంఘటనలను వదిలేస్తాను. కథ ముగిసిన చోట ఆటను మొదలుపెడతాను.

మన కథలు పనికివస్తాయా అని అడిగారు కాబట్టి, నేను స్వయంగా నడిపిన ఉదాహరణ చెబుతాను. 11వ శతాబ్దంలో కాశ్మీర కవి సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో కాంచీనగరానికి చెందిన ఇద్దరు వడ్రంగి సోదరుల కథ ఉంది. మయుడి యంత్రవిద్య తెలిసిన ఆ సోదరులలో పెద్దవాడైన ప్రాణధరుడు వేశ్యల కోసం ధనమంతా పోగొట్టుకుని, తాడు కట్టిన యంత్రహంసలను రాత్రిపూట రాజు ఖజానాలోకి పంపి, వాటి ముక్కులతో నగలు దొంగిలిస్తాడు. కాపలావాళ్లు హంసలను పట్టుకున్నాక సోదరులిద్దరూ ఆకాశయంత్రాల మీద పారిపోతారు. తమ్ముడు రాజ్యధరుడు ఎక్కడో దూరాన, కొయ్యబొమ్మలే పౌరులుగా తిరిగే నిశ్శబ్ద నగరంలో ఒంటరిగా ఉండిపోతాడు.

నేను హంసలు పట్టుబడిన మరునాటి ఉదయం నుంచి ఆట మొదలుపెట్టాను. సోదరుల పనిశాల తాళం వేసి ఉంది, లోపల సగం చెక్కిన యంత్రాలు ఉన్నాయి, దొంగ నగలలో కొంత భాగం ఇంకా అక్కడే ఉందని ఊరంతా పుకారు. కోశాధికారి బహుమానం ప్రకటించాడు. ప్రాణధరుడు ఎక్కువగా వెళ్లిన ఇంటి యజమానురాలికి పనిశాల రహస్యద్వారం తెలుసు, కానీ ఆమె కూడా నగల కోసమే ఎదురుచూస్తోంది. ఈ చివరి మూడు వాక్యాల్లో చెప్పినవేవీ మూలకథలో లేవు, కథ వదిలేసిన ఖాళీలను నేను అలా నింపుకొన్నాను. మీరు ఆడే నియమాలలో తెచ్చిన బంగారు నాణేనికి ఒక అనుభవ పాయింటు (పాత్ర ఎదుగుదలకు లెక్క) చొప్పున వస్తుంది కాబట్టి దొంగతనం కథలు దానికి సహజంగా సరిపోతాయి. ఇక ఆ కొయ్యబొమ్మల నగరాన్ని పటంలో చాలా దూరాన ఒక గడిలో గుర్తించి వదిలేశాను. ఆటగాళ్లు ఆరు నెలల తరువాత తమంతట తామే అక్కడికి బయలుదేరారు, ఎవరూ తోయనక్కరలేకపోయింది.

మరొక సూచన ఏమిటంటే, స్థలానికి రూపం మన చుట్టుపక్కల నుంచి తెచ్చుకోండి. గోల్కొండ ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినబడుతుందని మనమందరం చిన్నప్పటి నుంచి చూసినదే. నా ఖజానా కోటకు అదే నియమం పెట్టాను. ద్వారం కింద ఎవరు గట్టిగా మాట్లాడినా, తలుపు పగలగొట్టినా, పైన కాపలావాళ్లకు తెలిసిపోతుంది. అప్పటికప్పుడు సంచార ప్రాణుల పాచిక (తిరిగే ప్రాణి ఏదైనా ఎదురవుతుందా అని చూసేది) వేస్తాను. నలుగురు ఆటగాళ్లూ బల్ల దగ్గర కూడా గొంతు తగ్గించి మాట్లాడటం మొదలుపెట్టారు.

జవాబు 2 (చిక్కడపల్లి నుంచి)

పై మిత్రులు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తున్నాను, కానీ సంఘటనలను పూర్తిగా వదిలేయమనడం సరికాదని నా అభిప్రాయం. ఆటగాళ్లు జోక్యం చేసుకోకపోతే ఏమి జరుగుతుందో చెప్పే పంచాంగంగా కథలోని సంఘటనలను ఉంచుకోవచ్చు. మూడో రోజు కోశాధికారి మనుషులు పనిశాల తాళం పగలగొడతారు, అయిదో రోజు నగలు కోటకు తిరిగి వెళ్తాయి అని తేదీలు వేసి పెట్టుకుంటే, ఆటగాళ్లు వెళ్లినా వెళ్లకపోయినా లోకం కదులుతూనే ఉంటుంది.

చందమామ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ మొదలుకొని ఆ ధారావాహికలన్నీ ప్రతి నెలా ఒక ప్రమాదం అంచున ఆగేవి, ఆ ప్రమాదం నుంచి నాయకులు తప్పించుకుంటారని పాఠకుడికి ముందే తెలుసు. పాత పద్ధతి ఆటలో ఆ హామీ ఉండదు, మొదటి గదిలోనే ప్రాణం పోవచ్చు. అందువల్ల నేను ధారావాహికల నుంచి కోటలు, లోయలు, మాంత్రికుల కోరికలు మాత్రమే తీసుకుంటాను.

బేతాళ కథలు వేరు, అక్కడ నియమమే గొప్పది. తెలిసి చెప్పకపోతే రాజు తల వేయి చెక్కలవుతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. నేను దాన్ని శ్మశానం దాటే దారిగా పెట్టాను. ఆటగాళ్లలో ఎవరు జవాబు చెప్పినా మళ్లీ చెట్టు దగ్గరికి నడవాలి; ఒక్కొక్క నడకకు ఆరు టర్నుల చొప్పున, అంటే గంటసేపు, ఒక్కొక్క కాగడా అయిపోతుంది. నాలుగో కాగడా వెలిగించేటప్పుడు వారు సమాధానాల గురించి ఆలోచించడం మాని, చెట్టునే నరికేయాలని నిర్ణయించారు. అది కథలో ఎక్కడా లేదు, నాకు ఎంతో ఆనందం కలిగింది.

జవాబు 3 (ఉప్పల్ నుంచి)

ఏనుగు తల గురించి ఒక్క మాట. అది మీ పొరపాటు కాదు. హోవార్డ్ పాఠకులకు ఆ రూపం వింతగా, భయంగా కనిపించి ఉండవచ్చు. వినాయక చవితికి ఖైరతాబాద్ వెళ్లివచ్చే మన ఆటగాళ్లకు అది పూజ్యమైన రూపం. అయితే ఆ ప్రాణి కోరేదేమిటో గుర్తు చేసుకోండి. తన గుండెను కోసి తీసి, ఆ రక్తాన్ని రత్నం మీద పిండమని అడుగుతుంది. చేతులు జోడించినవారినే ఆ పని చేయమంటే, మూలకథలోని దొంగకు ఎదురైనదానికంటే పెద్ద ధర్మసంకటం అది. మీరు అక్కడ ఆగి, వారిని నిర్ణయించుకోనిచ్చి ఉంటే చాలునేమో.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నేను ఆ రోజు ఆ నిర్ణయాన్ని వారికి వదలలేదు. వారు తటపటాయిస్తుంటే, కథలో ఉన్నట్లే ఆ ప్రాణి తరఫున నేనే తొందరపెట్టాను. ఇద్దరిలో ఒకరు ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు, ఆయన అలసిపోయారని అనుకున్నాను.

వచ్చే ఆదివారం ఆ బురుజు దగ్గరికే తిరిగి వెళ్తున్నాము. బురుజు కూలిపోయి ఏడాది అయింది, శిథిలాల కింద రత్నం ఉందని పుకారు, తోటలో సింహాలకు పిల్లలు పుట్టాయి. గోడకు ఈసారి నాలుగు దారులు గీశాను. కాపలావాడికి ఎంత లంచం సరిపోతుందో కూడా రాసి పెట్టుకున్నాను.