కష్టాలు మనిషిని గట్టిపరుస్తాయా?

తొలిపొద్దు:
మా ఇంట్లో ఇదో తెగని చర్చ. కష్టం తెలియకుండా పెరిగిన పిల్లలు రేపు చిన్న దెబ్బకే కుంగిపోతారని మా ఆయన అంటారు. కష్టాలే మనిషిని గట్టిపరిస్తే, అవే కష్టాలకు చితికిపోయినవాళ్లు ఇంతమంది ఎందుకున్నారని నా ప్రశ్న. మీరేమంటారు?

నిప్పురవ్వ:
నేను మీ ఆయన పక్షమే. చదువుకునే వయసులోనే ఇంటి బరువు నా నెత్తిన పడింది. ఆదుకున్నవాళ్లు లేరు. ఆ రోజులు లేకపోతే ఇవాళ్టి ధైర్యం నాకు వచ్చేది కాదు. ఓదార్పులు ఎక్కువైతే మనిషి మెత్తబడిపోతాడు.

కొండగాలి:
నిప్పురవ్వ గారూ, మీరు పడ్డ కష్టాన్ని తక్కువ చేయను. కానీ గట్టెక్కినవాళ్ల కథలే మన చెవిన పడతాయి. మునిగిపోయినవాళ్లు వచ్చి చెప్పుకోరు కదా.

అందుకే ఈ రెండు రకాలవాళ్లనూ కలిపి చూసిన అధ్యయనం ఒకటి చెబుతాను. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మందిని ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ బృందం నలభై ఏళ్లు వచ్చేదాకా గమనించింది. పేదరికం, ఇంట్లో తగవులు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక జబ్బు... ఇలాంటివి చాలా కలిసి మీద పడ్డ పిల్లల్లో సుమారు మూడింట రెండొంతుల మందికి పద్దెనిమిదేళ్లలోపే చదువులోనో ప్రవర్తనలోనో ఇబ్బందులు వచ్చాయి. మిగతా మూడో వంతు నిలదొక్కుకున్నారు. స్వభావం కొంత కలిసొచ్చింది, నిజమే. దాంతోపాటు వాళ్లకు నమ్మకంగా అంటిపెట్టుకున్న పెద్దవాళ్లు కనీసం ఒక్కరైనా ఉన్నారు. కష్టమైతే రెండు వైపులా ఉంది. అలాంటప్పుడు ఘనత దానికెలా ఇస్తాం?

మా నాన్న పోయాక కాగితాల కట్ట ముందేసుకుని కూర్చుంటే నాకు ఒక్క అక్షరం బుర్రకెక్కేది కాదు. పక్కింటావిడ వచ్చి, "ఇవాళ ఈ ఒక్క ఫారం నింపు, మిగతావి రేపు చూద్దాం" అని పెన్ను చేతికిచ్చింది. ఫారం నేనే నింపాను. ఆవిడ పక్కన కూర్చుంది, అంతే. దానివల్ల నేను మెత్తబడలేదండీ, లేచి నిలబడ్డాను.

నిప్పురవ్వ:
మరి అలా వచ్చి కూర్చునే మనిషే లేకపోతే? ఎవరో ఒకరు దొరికేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా?

కొండగాలి:
అక్కర్లేదు. మీ ప్రశ్న న్యాయమైనదే. నిస్సహాయత మీద 1967లో ప్రయోగాలు చేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు సెలిగ్మన్, మేయర్ మొదట్లో, ఏం చేసినా లాభం లేదన్న భావన అనుభవంతో అలవడుతుందన్నారు. 2016లో తమ మాటను తామే సరిదిద్దుకున్నారు. బాధ ఎడతెగకుండా సాగితే చతికిలపడటం మెదడు సహజంగా చేసే పనేననీ, 'ఇది నా చేతిలో ఉంది' అన్నదే అనుభవంతో నేర్చుకునేదనీ తేల్చారు. నన్నడిగితే, కుంగిపోయినవాణ్ణి పిరికివాడనే హక్కు ఎవరికీ లేదు. ఒంటరిగా ఉన్నవాళ్లు తమ చేతుల్లో ఉన్న చిన్న పని ఒకటి పట్టుకుని పూర్తి చేయడం మంచి మొదలు. కవాయిలో తడబడ్డవాళ్లలో కూడా చాలామంది పెద్దయ్యాక, మళ్లీ చదువుకునో మంచి తోడు దొరికో తేరుకున్నారు.

తొలిపొద్దు గారూ, పిల్లలకు కావాలని కష్టాలు పెట్టొద్దు. లెక్క రాక ఏడుస్తుంటే మీరు చేసిపెట్టొద్దు, అక్కడి నుంచి లేచి వెళ్లిపోనూ వద్దు.