వేయి జాకులను నరికే ఆటలో గండమ్ మిగిలిందా?

తెల్లనౌక:
నా వాదన ముందే చెప్పేస్తాను. 2007లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చిన ‘డైనాస్టీ వారియర్స్: గండమ్’ ఆడటానికి సరదాగానే ఉంటుంది. కానీ 1979 నాటి ‘మొబైల్ సూట్ గండమ్’ అనే జపాన్ యానిమేషన్ టీవీ సిరీస్‌తో దానిది పేరుకు మాత్రమే చుట్టరికం. కోయీ సంస్థకు చెందిన ఒమేగా ఫోర్స్ బృందం, చైనా మూడు రాజ్యాల కథతో తాము తీస్తూ వచ్చిన ముసో ఆటల (ఒక్కడే వేలమందిని నరికే ఆటల) పద్ధతినే తెచ్చి దీనికి తగిలించింది. అక్కడ గుర్రం మీద సేనాని, ఇక్కడ పైలట్ లోపల కూర్చుని నడిపే 18 మీటర్ల యంత్రం, గండమ్. కింద గడ్డిపోచల్లా రాలిపోయే సైన్యం మాత్రం అదే. ఒకే బటన్‌ను వరుసగా నొక్కుతూ పోతే జాకులు, అంటే శత్రువుల యంత్రాలు, గుంపులుగా గాలిలోకి లేస్తాయి, తెర మీద చంపిన లెక్క పెరుగుతూ ఉంటుంది.

సిరీస్ మొదటి ఎపిసోడ్ చూడండి. సైడ్ 7 అనే అంతరిక్ష కాలనీలోకి చొరబడ్డ జాకుల మీదికి కథానాయకుడు, పదిహేనేళ్ల అమురో గండమ్ ఎక్కి వెళతాడు. మొదటిదాన్ని అడ్డంగా కోయగానే దాని రియాక్టర్ పేలి కాలనీ గోడకు కన్నం పడుతుంది. అందులోంచి అంతరిక్షంలోకి కొట్టుకుపోయినవాళ్లలో అతని తండ్రి కూడా ఉన్నాడు. రెండో జాకు దగ్గరికి వచ్చేసరికి కుర్రవాడి ముందున్న సమస్య వేరు: యంత్రం పేలకుండా లోపలి మనిషిని చంపాలి. కాక్‌పిట్‌ను చూసి పొడుస్తాడు. ఆ పైలట్లిద్దరూ ఒక్క ఎపిసోడ్‌తో పోయేవాళ్లే, అయినా వాళ్లకు పేర్లున్నాయి. జీన్, డెనిమ్. ముసోలో నేను నరికిన వేలమందిలో ఒక్కడికైనా పేరుందా?

మీటనొక్కుడు:
మీరు మొదటి ఎపిసోడ్ దగ్గరే ఆగిపోయారు. ముప్పై మూడో ఎపిసోడ్‌కు రండి. సైడ్ 6 సమీపంలో శత్రుపక్షమైన జియాన్ అధికారి కాన్‌స్కాన్, దెబ్బతిని ఉన్న అమురో వాళ్ల యుద్ధనౌక వైట్ బేస్ మీదికి 12 రిక్ డోమ్ యంత్రాలను పంపుతాడు. మూడు నిమిషాలు నిండకముందే ఒక్కటీ మిగలదు. ఆయన నోరు వెళ్లబెడతాడు. ఇది ముసో కాకపోతే మరేమిటి? ఆ సన్నివేశం చూసి ఒళ్లు పులకరించని అభిమాని ఉంటే చెప్పండి. ఆ పులకరింతనే ఒమేగా ఫోర్స్ ఆటగా మలిచింది.

ఇంకో మాట. పవిత్రత గురించి మాట్లాడేటప్పుడు ఆ సిరీస్‌కు డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ అని మరవకండి. అనుకున్న 52 ఎపిసోడ్లు 43కు కుదించుకుపోయాయి. తర్వాత 1980లో బాండాయ్ అనే మరో బొమ్మల కంపెనీ ఆ యంత్రాల ప్లాస్టిక్ నమూనాలు తెచ్చాక గానీ గండమ్ దశ తిరగలేదు. పిల్లలు ఆ నమూనాలను నేల మీద పరిచి ‘ఢిషుం ఢిషుం’ అని ఆడుకున్నదే మొట్టమొదటి గండమ్ ముసో.

తెల్లనౌక:
ఆ 12 డోమ్‌లను అమురో ఒక్కడే కూల్చలేదండీ. వైట్ బేస్ దళమంతా ఉంది. పైగా అక్కడ మన కళ్లు కాన్‌స్కాన్ ముఖం మీద ఉంటాయి. ఎదుటివాడికి అమురో రాక్షసుడిలా కనబడుతున్నాడన్నదే ఆ సన్నివేశం చెబుతున్న సంగతి. ముసో మనల్ని రాక్షసుడి సీట్లో కూర్చోబెట్టి భుజం తడుతుంది.

బరువైన అడుగు:
మీ ఇద్దరి గొడవ కథ గురించి. నాకు యంత్రం గురించి బాధ. గండమ్ ఖాళీ బరువే 43.4 టన్నులని పుస్తకాల్లో రాసుకున్నారు. ముసోలో అది కోతులాడించేవాడి కోతికన్నా తేలిగ్గా గెంతుతుంది. యోకోహామా రేవులో 2020 డిసెంబరు నుంచి 2024 మార్చి వరకు నిలబెట్టిన 18 మీటర్ల కదిలే గండమ్‌ను నేను చూశాను. మోకాలు పైకి లేవడానికి పట్టిన సమయంలో మా అబ్బాయి ఐస్‌క్రీం సగం తినేశాడు! ఆ నెమ్మదిలోనే భయం ఉంది.

ఈ విషయంలో 2006లో ప్లేస్టేషన్ 3తో పాటే వచ్చిన ‘క్రాస్‌ఫైర్’ దారి సరైనదే. చేయి తెగితే చేయి లేకుండానే పోరాడాలి. తెర కదలిక నత్తనడక కాబట్టి విమర్శకులు చీల్చి చెండాడారు, అది న్యాయమే. ఆ ఊహను ‘బ్యాటిల్ ఆపరేషన్ 2’ బాగు చేసుకుంది. అందులో పైలట్ యంత్రం దిగి కాలినడకన పరుగెత్తవచ్చు. అలా దిగినప్పుడు పక్కనే ఒక జాకు నడిచి వెళ్లింది. దాని పాదం నా ఎత్తు దాటి ఉంది. ముసో ఎన్ని గంటలు ఆడినా అది రాదు.

నూరు యెన్:
కొన్నేళ్లు టోక్యోలో ఉద్యోగం చేశాను, ఆర్కేడ్‌ల (నాణెం వేసి ఆడే ఆటల కేంద్రాల) వైపు నుంచి ఒక మాట. 2001లో క్యాప్‌కామ్ తయారు చేసిన ‘ఫెడరేషన్ వర్సెస్ జియాన్’తో మొదలైన పరంపర ఇప్పటికీ నడుస్తోంది. ఇద్దరికిద్దరు. జట్టుకు ఉమ్మడి ఖాతా. యంత్రం ఎంత గొప్పదైతే అది కూలినప్పుడు ఖాతాలో అంత కోత. ‘మాక్సీ బూస్ట్ ఆన్’లో జట్టుకు 6000 ఉంటే, పైతరగతి యంత్రం విలువ 3000. అది రెండుసార్లు కూలితే ఆట అయిపోయినట్టే. అందుకని మంచి యంత్రం ఎక్కినవాడు జాగ్రత్తగా ఉంటాడు, 1500ది ఎక్కినవాడు ముందుకు దూకి దెబ్బలు తింటాడు. యుద్ధంలో ఎవరి ప్రాణం ఖరీదు ఎంత అన్నది ఇంత నిర్దయగా ఏ సంభాషణా చెప్పలేదు.

అయితే అక్కడ ఎవరూ అమురో తండ్రి గురించి ఆలోచించరు, అదీ నిజం. పెట్టె మీద వంద యెన్ల నాణేలు దొంతరగా పెట్టుకుని, ఓడినవాడు మాట లేకుండా లేచిపోవడం, వెనక నిలబడ్డవాడు కూర్చోవడం. అంతే.

మీటనొక్కుడు:
ముసోలో కథే లేదన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. అందులో ఒరిజినల్ మోడ్ అని ఒకటుంది. వేర్వేరు సిరీస్‌ల పైలట్లు ఒకే చోట తారసపడతారు. అమురో, తర్వాతి సిరీస్‌ల కథానాయకులు కమీల్, జూడో ఒకే యుద్ధభూమిలో ఎదురుపడే అవకాశం ఏ టీవీ సిరీస్ ఇచ్చింది? పేరున్న ప్రతి పైలట్ ముఖమూ తెర మీదికి వచ్చి మాట్లాడుతుంది కూడా.

తెల్లనౌక:
పేరున్నవాళ్లకు ముఖం ఉంటుంది, ఒప్పుకుంటాను. నా తగువు వాళ్ల గురించి కాదు. పంతొమ్మిదో ఎపిసోడ్‌లో అమురో వైట్ బేస్ వదిలి పారిపోయి ఎడారి ఊళ్లో ఒక భోజనశాలలో కూర్చుంటాడు. శత్రు దళం అక్కడికే వస్తుంది. నాయకుడు రాంబా రాల్ వెంట ఉన్న హామోన్ ఆ కుర్రవాడికి కూడా భోజనం చెప్పబోతుంది. ముష్టివాడిని కానని అతను వద్దంటాడు. రాల్‌కు ఆ పౌరుషం నచ్చుతుంది. తర్వాత పోరులో రెండు యంత్రాల కాక్‌పిట్‌లూ చీలిపోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు: భోజనశాలలో కుర్రవాడు! దీన్ని ఆటగా చేయాలంటే ముందు ఎదుటివాడితో ఒక పూట కూర్చోనివ్వాలి. వేయి మందిని చంపాల్సిన ఆటలో అంత తీరిక ఎవరికి?

నూరు యెన్:
మీ కొలతతో చూస్తే ఏ గండమ్ ఆటా గట్టెక్కదు. ‘ఫెడరేషన్ వర్సెస్ జియాన్’లో జియాన్ పక్షం తీసుకుని, మామూలు జాకుతో గండమ్ మీదికి వెళ్లి చూశారా?

తెల్లనౌక:
వెళ్లాను. ఒక్క బీమ్ రైఫిల్ దెబ్బకు కంట్రోలర్ మీద చేతులు చెమటలు పట్టాయి. అందుకే నా వరసలో దానికి మొదటి స్థానం, ‘బ్యాటిల్ ఆపరేషన్ 2’కు రెండోది. ముసోను ఆదివారం మధ్యాహ్నాలకు ఉంచుకుంటాను.

మీటనొక్కుడు:
ఆదివారాలు ఆడతారన్నమాట! ఎన్ని జాకులయ్యాయి ఇప్పటికి?